రాకాసి అని పేరు పెట్టిందెవరు

మా పల్లెలో ఆడదాన్ని రాకాసి అనటానికి పెద్ద కారణం అక్కర్లేదు. గట్టిగా మాట్లాడితే రాకాసి. కూలి డబ్బులు లెక్కబెట్టి తీసుకుంటే రాకాసి. మొగుడు పోయినాక తలెత్తుకు తిరిగితే రాకాసి. నాట్ల కాడ గట్టు మీద కూర్చున్న ఆసామి ఎకసెక్కం ఆడితే, ఎదురు జవాబు చెప్పినదాన్ని 'అది ఆడది కాదురా, రాకాసి' అనేవాడు. ఆ మాట పడ్డాక ఇక ఆమెను ఏం చేసినా చెల్లుతుంది. పనిలోకి పిలవకపోవచ్చు. కొట్టొచ్చు. చీకట్లో దారి కాయొచ్చు. మనిషిని చేస్తే నేరం. రాకాసిని చేస్తే శిక్ష. ముందు పేరు పెడతారు, తరవాత చెయ్యెత్తుతారు.

బళ్ళో చెప్పిన రామాయణంలో తాటకి, శూర్పణఖ అట్లాగే పోయారు. అడవిలో ఒంటరిగా తిరిగి, మనసులో మాట నోటితో అడిగిన ఆడదానికి ముక్కూ చెవులూ కోస్తే, కోయించుకున్నది రాకాసి, కోసినవాళ్ళు దేవుళ్ళు. ఆ పాఠం జరిగేటప్పుడు క్లాసులో పిల్లలు వెనక్కి తిరిగి నల్లగా వున్న మా వైపు చూసి నవ్వేవాళ్ళు. అయ్యవారూ నవ్వేవాడు.

నేను ఇక్కడ సైన్స్ ఫిక్షన్ గురించి రాయబోతున్నాను. ఆడవాళ్ళు రాసిన సైన్స్ ఫిక్షన్ గురించి, అందులో రాకాసుల గురించి. 'మన బతుకుల మీద రాసుకోవాల్సిందే ఇంకా మిగిలివుంది, ఈ పరదేశపు కట్టుకథలు మనకెందుకక్కా' అని ఒక మీటింగులో ఒక తమ్ముడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. దానికి నా బతుకులోంచే జవాబు చెప్పాలి.

తొంభైల మొదట్లో ఎం.ఏ. ఇంగ్లీషులో మాకు మేరీ షెల్లీ నవల 'ఫ్రాంకెన్‌స్టైన్' పాఠం. 1818లో అచ్చయింది. రాయటం మొదలుపెట్టేటప్పటికి ఆమెకు 18 ఏళ్ళు. మొదటి ముద్రణ మీద ఆమె పేరు లేదు. తల్లి మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ 1792లోనే స్త్రీల హక్కుల మీద పుస్తకం రాసిన మనిషి. ఈ బిడ్డను కన్న కొద్దిరోజులకే చనిపోయింది. సైన్స్ ఫిక్షన్‌కు తొలి నవల ఇదేనని చాలామంది విమర్శకులు అంటారు. అంటే ఆ ప్రక్రియకు పునాది వేసింది ఒక ఆడపిల్ల. మా క్లాసులో ఆ సంగతి ఒక్క ముక్కలో చెప్పి దాటేశారు. మనిషి దేవుడి పని చెయ్యబోతే ఇట్లా అవుతుందని నోట్సు చెప్పించారు.

కథ తెలియనివాళ్ళకు చెబుతాను. విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ అనే కుర్రవాడు శవాల ముక్కలు ఏరి ఒక జీవిని తయారుచేస్తాడు. వాడు కళ్ళు తెరవగానే ఆ రూపం చూసి జడుసుకుని పారిపోతాడు. పేరన్నా పెట్టడు. ఆ జీవి పోయి ఒక పేద కుటుంబం ఇంటిని ఆనుకుని వున్న కొట్టంలో దాక్కుంటాడు. గోడ సందులోంచి చూస్తా, వింటా మాట నేర్చుకుంటాడు. చదవటం నేర్చుకుంటాడు. రాత్రిళ్ళు ఆ ఇంటికి కట్టెలు కొట్టి తెచ్చిపెడతాడు. దారిలో మంచు తీసేస్తాడు. ఇదంతా ఎవరో మంచి ఆత్మ చేస్తున్నదని ఆ ఇంటివాళ్ళు సంబరపడతారు. ఒకరోజు ధైర్యం చేసి లోపలికి పోతాడు. గుడ్డి ముసలాయన ఆదరంగా మాట్లాడతాడు. కళ్ళున్న కొడుకు వచ్చి కర్రతో బాదుతాడు. చాకిరీ కావాలి, మొహం పనికిరాదు.

హాస్టల్లో దీపాలు ఆపేశాక వరండాలో బల్బు కింద కూర్చుని ఇది చదివాను. బడి బయట చెట్టుకింద నిలబడి లోపలి పిల్లలు వల్లిస్తుంటే అక్షరాలు విన్న మా తాత గుర్తొచ్చాడు. దళితులు ఎవరు చదివినా ఇక్కడికొచ్చేసరికి 'ఇది నా కథ' అంటారు. నేనూ అన్నాను. కానీ నేను ఆడదాన్ని. పుస్తకం అక్కడితో అయిపోలేదు.

ఆ ఇంట్లో జస్టీన్ అనే పనిపిల్ల వుంది. పన్నెండేళ్ళప్పుడు పనిలోకి వచ్చింది. ఆ జీవి విక్టర్ తమ్ముణ్ణి చంపి, ఆ పిల్లాడి మెడలోని చిన్న బొమ్మను నిద్రపోతున్న జస్టీన్ బట్టల్లో పెడతాడు. ఎందుకు ఆమె బట్టల్లోనే? ఇంత అందమైన ఆడది తనవంక ఎప్పటికీ నవ్వుతూ చూడదు కాబట్టి శిక్ష ఆమెకే పడాలని. 1831లో తను దిద్దిన ప్రతిలో షెల్లీ ఈ సంగతి విప్పి రాసింది. నిజం ఏమిటో విక్టర్‌కు తెలుసు. నోరు తెరవడు, తనను పిచ్చివాడంటారని. మతగురువు వచ్చి ఒప్పుకోకపోతే వెలివేస్తాం, నరకానికి పోతావని బెదిరించి బెదిరించి, చివరికి తాను నిజంగానే రాకాసినేమో అని ఆ పిల్లే అనుకునేదాకా తెస్తాడు. ఒప్పుకుంటుంది. ఉరి తీస్తారు.

మా అమ్మ ఒక పెద్దింట్లో అంట్లు తోమేది, దొడ్డి ఊడ్చేది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆ ఇంటామె చెవిదిద్దు పోయింది. అమ్మను దొడ్లో ఎండలో నిలబెట్టారు. కొంగు దులిపించారు. జుట్టుముడి విప్పించారు. నేను దడి ఇవతల నిలబడి చూశాను. సాయంత్రం మా పల్లె పెద్దమనిషి ఇంటికొచ్చాడు. పరాయివాడు కాదు, అమ్మకు వరసకు మామ. 'ఒప్పుకుంటే పోద్ది గదమ్మా. నాలుగు మాటలంటారు, ఊరుకుంటారు. నువ్వు మొండికేస్తే రేపట్నించి పల్లె మొత్తానికీ పని వుండదు' అన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. అయినా చాన్నాళ్ళకు నాతో ఒక మాట అన్నది: 'అందరూ అన్నేసిసార్లు అంటంటే ఆ రాత్రి నాకే అనుమానమొచ్చిందే, నేనే తీశానేమోనని.' మూడోరోజు దిద్దు చాకలిమూటలో దొరికింది. దొరికిందన్న సంగతి కూడా మాకెవరూ చెప్పలేదు. అమ్మను మళ్ళీ పనికి పిలిచారు, అంతే.

జస్టీన్ గురించి మా క్లాసులో ఎవరూ ఆగలేదు. పనిమనిషి ఉరి పరీక్షలో వచ్చే ప్రశ్న కాదు.

అంతకంటే ఘోరమైంది తరవాత వుంది. ఒంటరితనం భరించలేక ఆ జీవి విక్టర్‌ను అడుగుతాడు, నాకు జోడుగా ఒక ఆడదాన్ని చేసివ్వమని. విక్టర్ ఒప్పుకుని స్కాట్లండ్ ఉత్తరాన ఆర్క్నీ దీవుల్లో మొదలుపెడతాడు. సగంలో ఆలోచన పడుతుంది. ఈమె ఎట్లాంటిదవుతుందో? తను పుట్టకముందు మగవాళ్ళిద్దరూ కుదుర్చుకున్న ఒప్పందానికి ఈమె కట్టుబడాలని ఏముంది? వాణ్ణి అసహ్యించుకుంటే? పిల్లల్ని కంటే? ఆ భయంతో ఇంకా ప్రాణం పొయ్యని ఆ శరీరాన్ని ముక్కలు ముక్కలు చేస్తాడు. ముక్కల్ని గంపలో వేసి, రాళ్ళు పెట్టి, రాత్రిపూట పడవలో పోయి సముద్రంలో పడేస్తాడు.

ఆమె ఏ పాపమూ చెయ్యలేదు. కళ్ళు తెరవలేదు. తనకంటూ ఒక ఇష్టం వుంటుందేమోనన్న అనుమానానికే చచ్చిపోయింది. సైన్స్ ఫిక్షన్‌లో ఆడదాని మీద జరిగిన తొలి హింసల్లో ఇదొకటి. తరవాత వచ్చిన ఎన్నో హింసలకు ఇదే అచ్చు. చంపటానికి ఆమె రాకాసి అయివుండక్కర్లేదు, అవుతుందేమోనన్న ఊహ చాలు. జోడును నాశనం చేసినందుకు ఆ జీవి పగబట్టి విక్టర్ పెళ్ళినాటి రాత్రి ఎలిజబెత్‌ను గొంతు నులిమి చంపుతాడు. జస్టీన్, పేరులేని ఆ ఆడమనిషి, ఎలిజబెత్. ఇద్దరు మగవాళ్ళ పగకు ముగ్గురు ఆడవాళ్ళు.

ఇప్పుడు చెప్పాల్సిన కష్టమైన మాట చెబుతాను. ఆ జీవికి జరిగింది అన్యాయమే. నా మనసు వాడి పక్కనే వుంది. కానీ వాడు తిన్న దెబ్బలు తీసుకెళ్ళి ఎవరి మీద పెట్టాడు? కర్రతో కొట్టినవాణ్ణి ఏమీ చెయ్యలేదు. నిద్రపోతున్న పనిపిల్ల బట్టల్లో నేరాన్ని దాచాడు. తన కోసం చేస్తున్న ఆడదాన్ని అడగాలని కూడా వాడికి తోచలేదు.

మా నాయన మంచివాడు. నన్ను భుజాల మీద ఎక్కించుకుని వాగు దాటించి బడికి తీసుకెళ్ళినవాడు. ఆసామి నలుగురిలో చెంప మీద కొట్టిన రోజున మాత్రం, ఆ దెబ్బ రాత్రికి అమ్మ వీపు మీద దిగేది. కూరలో ఉప్పు ఎక్కువైందనో, ఎదురు మాట్లాడిందనో. కొట్టేటప్పుడు 'రాకాసి ముండా' అనేవాడు. పగలు ఆసామి మా అమ్మను అన్న మాటే. ఒకే మాట పగలు పెద్దింట్లో పుట్టి, చీకటి పడేటప్పటికి మా గుడిసెలోకి నడిచొచ్చేది.

ఇది రాస్తే, దళితుల మగవాళ్ళు ఇట్లాంటివాళ్ళని ఊళ్ళోవాళ్ళు చెప్పుకోవటానికి దొరికిందంటారు. నాకు తెలుసు. మా నాయన రాకాసి కాదు. ఆయన్ని రాకాసి అంటే ఆసామి చెంపదెబ్బ లెక్కలోకి రాకుండా పోతుంది. ఆయన రాకాసి కాడు గదా అని నేను ఊరుకుంటే అమ్మ వీపు లెక్కలోకి రాకుండా పోతుంది. రెండూ లెక్కలోకి రావాలి. 'ముందు కులం సంగతి తేలనీ అక్కా, ఆడవాళ్ళ సంగతి తరవాత చూద్దాం' అన్న మీటింగుల్లో నేను చాలాసార్లు లేచి నిలబడ్డాను. తరవాత అనేది ఎప్పుడూ రాలేదు.

ఈ రెండు లెక్కలూ ఒకే పుస్తకంలో రాసిన మనిషి అక్టేవియా బట్లర్. నల్లజాతి స్త్రీ. 1947లో కాలిఫోర్నియాలోని పాసడీనాలో పుట్టింది. తండ్రి బూట్లు పాలిష్ చేసేవాడు, ఆమె చిన్నప్పుడే పోయాడు. తల్లి తెల్లవాళ్ళ ఇళ్ళల్లో పనిమనిషి. తల్లి వెనక దొడ్డిగుమ్మంలోంచి ఆ ఇళ్ళకు పోవటం, తల్లిని ఎదటే అన్న మాటలు తల్లి వినపడనట్టు వూరుకోవటం చూస్తా పెరిగింది. కాలేజీలో ఒక నల్లజాతి కుర్రవాడు, ఇన్నాళ్ళూ అణిగిమణిగి వున్న మన పెద్దల్నే ముందు చంపాలని ఆవేశపడ్డాడట. వాళ్ళు అణిగివుండబట్టే వీడు బతికి కాలేజీదాకా వచ్చాడని వాడికి తెలియలేదు. ఆ కుర్రవాడి మాటలోంచే తన నవల 'కిండ్రెడ్' పుట్టిందని ఆమె చెప్పుకుంది. అది 1979లో వచ్చింది. మీ అమ్మలు ఎందుకు పడ్డారని మమ్మల్ని అడిగే కుర్రకార్యకర్తలు ఆ పుస్తకం చదవాలి.

అందులో డానా అనే నల్లజాతి యువతి 1976లో తన ఇంట్లో వుండగా కళ్ళు తిరిగి, నూరేళ్ళకు పైగా వెనక్కి, బానిసత్వం నడుస్తున్న మేరీలాండ్‌లో తేలుతుంది. రూఫస్ అనే తెల్ల భూస్వామి కొడుకు చావబోయినప్పుడల్లా ఆమె అక్కడికి లాగబడుతుంది. వాణ్ణి కాపాడాలి. ఎందుకంటే వాడు ఆమె ముత్తాతల్లో ఒకడు. వాడికీ, ఆలిస్ అనే నల్లజాతి పిల్లకూ ఒక కూతురు పుడితేనే డానా వంశం వుంటుంది. ఆలిస్ స్వేచ్ఛగా పుట్టిన పిల్ల. భర్త ఐజక్ బానిస. రూఫస్ ఆమె మీద పడితే ఐజక్ వాణ్ణి చావగొడతాడు. ఇద్దరూ పారిపోయి దొరుకుతారు. ఐజక్ చెవులు కోసి దూరదేశం అమ్మేస్తారు. ఆలిస్‌ను కుక్కలతో కరిపించి బానిసను చేస్తారు. అప్పుడు రూఫస్ డానాను అడుగుతాడు: కొట్టకుండా వచ్చేటట్టు ఆమెకు నువ్వు నచ్చజెప్పు అని. డానా పోయి ఆ మాట చెబుతుంది. చివరికి ఆలిస్ ఉరేసుకుంటుంది.

ఇందులో కోరలున్న రాకాసి ఎవరూ లేరు. రూఫస్ చిన్నప్పుడు ముద్దొచ్చే పిల్లాడు. డానా మీద వాడికి అభిమానమూ వుంది. ఆలిస్‌ను ప్రేమిస్తున్నాననే అనుకుంటాడు. చట్టం వాడి చేతిలో పెట్టిన అధికారాన్ని వాడుకున్న మామూలు మగవాడు. బట్లర్ వాణ్ణి రాకాసిగా రాసివుంటే మనకు సులువయ్యేది. ఒక రాకాసిని చంపితే పీడ పోతుంది. మామూలు మనుషుల్ని ఏం చెయ్యాలి? డానా కూడా తన మీద పడబోయినప్పుడు వాణ్ణి కత్తితో పొడిచే బయటపడుతుంది. బయటపడేటప్పుడు ఆమె ఎడమచెయ్యి వెనకే వుండిపోతుంది. ఆ కాలంలోంచి ఏ ఆడదీ నిండు శరీరంతో రాలేదు.

అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడు మాకు తెలిసిన పాఠం. చెరువు నీళ్ళు పాడుచెయ్యొద్దన్నందుకు మొదలైన గొడవలో బిందె ఎత్తి నిలబడ్డది మున్నంగి సువార్త. మర్నాడు, 1985 జులై 17న, ఆరుగురు మాదిగల్ని చంపారు, ఆడవాళ్ళను చెరిచారు. అట్లాంటిది జరిగినప్పుడల్లా 'రాక్షసకాండ' అని రాస్తారు. ఆ మాట నాకు నచ్చదు. రాక్షసులు ఎక్కడినుంచో వచ్చి పోతారు. వీళ్ళు పొలాలున్నవాళ్ళు, పెళ్ళాంబిడ్డలున్నవాళ్ళు, మర్నాడు మళ్ళీ పాలు పిండుకునేవాళ్ళు. రాక్షసులంటే కులం పేరు చెప్పక్కర్లేదు. అందుకే ఆ మాట అంత తేలిగ్గా వాడతారు.

బట్లర్ 1987లో రాసిన 'డాన్'లో నిజంగానే వికృతమైన జీవులున్నాయి. యుద్ధంలో భూమి నాశనమయ్యాక మిగిలిన మనుషుల్ని ఊన్కాలీలనే పరగ్రహవాసులు తమ ఓడలో దాచిపెడతారు. ఒళ్ళంతా తీగల్లాంటి స్పర్శాంగాలు. చూస్తేనే ఒళ్ళు జలదరిస్తుంది. వాళ్ళు లిలిత్ అనే నల్లజాతి స్త్రీని ఎంచుకుని, మిగతా మనుషుల్ని నిద్రలేపి దారిలో పెట్టే పని అప్పగిస్తారు. ఆ ఓడలో ఆమెను చెరచబోయి చావగొట్టింది వికృతజీవి కాదు, పాల్ టైటస్ అనే సాటి మనిషి. నిద్రలేచిన గుంపులో ఒకామెను మగవాళ్ళు బలవంతంగా లాక్కుపోబోతే లిలిత్ అడ్డుపడుతుంది. ఇక్కడ అట్లాంటివి సాగవంటుంది. అంతే, ఆమె మనిషే కాదనే మాట మొదలవుతుంది. ఆమె భర్తలాంటి జోసెఫ్‌ను గొడ్డలితో నరుకుతారు. తనవాళ్ళను కాపాడినందుకు తనవాళ్ళలోనే రాకాసి అయిన ఆడది ఆమె. మా పల్లెలో తాగుడు మాన్పించటానికి తిరిగిన ఆడవాళ్ళకు ఆమె ఎవరో చెప్పక్కర్లేదు.

ఊన్కాలీలు కొట్టరు, తిట్టరు. గాయాలు మాన్పుతారు. కానీ ఏదీ అడిగి చెయ్యరు. చివర్లో లిలిత్‌ను అడక్కుండానే గర్భవతిని చేస్తారు, నీ లోపల నీకు కావాలనే వుందంటారు. 'నీ మంచికే' అనే ఆ మాట మా ఆడవాళ్ళకు కొత్త కాదు. కుటుంబ నియంత్రణ క్యాంపుల్లో వరసగా పడుకోబెట్టినప్పుడు విన్నదే. హింసకు కోరలూ గోళ్ళూ వుండాలని లేదు, మెత్తటి చేతులు కూడా వుంటాయి.

ఇంకొందరున్నారు. జేమ్స్ టిప్ట్రీ జూనియర్ అని మగపేరుతో రాసిన ఆలిస్ షెల్డన్ 1973లో రాసిన కథ 'ద విమెన్ మెన్ డోంట్ సీ'. అందులో ఒక తల్లీకూతుళ్ళు ఈ లోకపు మగవాళ్ళ మధ్య వుండటం కంటే ముక్కూమొహం తెలియని పరగ్రహవాసులతో పోవటమే మేలనుకుని పోతారు. 1977లో రాసిన 'ద స్క్రూఫ్లై సొల్యూషన్'లో మగవాళ్ళ కోరిక కాస్తా ఆడవాళ్ళను చంపే కోరికగా మారుతుంది. చంపటానికి ముందు దానికొక మతం తయారవుతుంది. ఆడదాన్ని చంపటం పుణ్యమనే శాస్త్రం పుడుతుంది. ముందు పేరు, తరవాత చెయ్యి. అక్కడా అంతే.

ఆడవాళ్ళు రాసినంత మాత్రాన అన్నీ మన పుస్తకాలు కావు. షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1915లో రాసిన 'హర్‌లాండ్'లో అంతా ఆడవాళ్ళే వున్న దేశం. పెళ్ళాడిన హక్కుతో భార్యను బలవంతం చెయ్యబోయిన మగవాణ్ణి దేశంలోంచి వెళ్ళగొడతారు. ఆ రోజుల్లో అంత మాట రాయటం గొప్పే. కానీ ఆ ఆడవాళ్ళంతా ఆర్యజాతివాళ్ళేనని కథకుడు చెబుతాడు. చెడ్డ లక్షణాలున్న ఆడవాళ్ళను పిల్లల్ని కనొద్దని ఒప్పించి అంత శుభ్రమైన దేశం చేశారట. రాకాసులు లేని లోకం అని ఎవరన్నా అంటే నేను ముందు అడిగేది ఇదే: ఎవర్ని తీసేశారు? మన దేశంలో రుకయ్యా సఖావత్ హుస్సేన్ 1905లో మద్రాసు నుంచి వచ్చే ఇంగ్లీషు పత్రికలో 'సుల్తానాస్ డ్రీమ్' రాసింది. మగవాళ్ళు ఘోషాలో వుంటారు, ఆడవాళ్ళు ఎండ వేడితో వంట చేస్తారు, వీధుల్లో భయం లేకుండా తిరుగుతారు. చదువుతుంటే ఒళ్ళు పులకరిస్తుంది. అయినా మా అమ్మ బిడ్డగా నాకొక ప్రశ్న మిగిలింది. అంత అందమైన ఊళ్ళో దొడ్లు ఎవరు కడుగుతున్నారు?

ఆ తమ్ముడికి నా జవాబు ఇది. ఈ పుస్తకాలు మనకు మన బతుకు చెప్పవు. మన బతుకు మనకు తెలుసు. ఇవి ఒక దారి చూపిస్తాయి, అంతే. రాకాసి అనే మాట వినపడితే ఆ మాట పడినదాన్ని కాదు చూడాల్సింది, అన్నవాడి చేతుల్ని చూడాలి. ఆ చేతుల్లో కర్ర వుందా, కత్తి వుందా, చట్టం వుందా, మందుసూది వుందా. ఆ మాట ఎవరి ఇంట్లో పుట్టి ఎన్ని గుమ్మాలు దిగి చివరికి ఎవరి వీపు మీద ఆగిందో చూడాలి. ఆగేది ఎప్పుడూ అన్నింటికంటే కిందనున్న ఆడదాని మీదే.

మనం ఇంకా రాయలేదు, నిజమే. రాయాల్సింది చాలా వుంది. సముద్రంలో పడేసిన ఆ గంపలోని ఆడమనిషి రెండువందల ఏళ్ళుగా నోరు తెరవలేదు. ఆమె లేచి వస్తే విక్టర్‌నే కాదు, తన కోసం ఆమెను చేయించిన వాణ్ణి కూడా అడుగుతుంది, నన్ను అడిగారా అని. అది రాయగలిగేది పనిమనుషుల కూతుళ్ళే. చెల్లెళ్ళారా, కాగితం తీసుకోండి. మిమ్మల్నీ రాకాసులంటారు. అననివ్వండి, రాయండి.